జీతం కోసం వచ్చానన్న అమ్మాయిని "ప్యాషన్ లేదు" అని పక్కన పెట్టొచ్చా?

మబ్బుల్లో_సర్వర్ (చర్చ మొదలుపెట్టినవారు):

మా టీమ్‌లోకి డెవలపర్‌ని తీసుకోవడానికి ఈమధ్య ఇంటర్వ్యూలు చేశాం. ఒకమ్మాయి కోడింగ్ రౌండ్ చాలా బాగా చేసింది. తను రాసిన దాంట్లో తప్పు ఎక్కడుందో మేము చెప్పకముందే పట్టుకుని సరిచేసుకుంది. చివర్లో మా ప్యానెల్లో ఒకాయన "ఈ ఫీల్డ్‌లోకి ఎందుకొచ్చారు?" అని అడిగారు. "జీతం బాగుంటుంది, నా కాళ్ల మీద నేను నిలబడొచ్చని వచ్చాను. వచ్చాక పని నచ్చింది" అంది. ఆమె అటు వెళ్లగానే ఆయన "ప్యాషన్ లేదు, వద్దు" అన్నారు. అదే రోజు వచ్చిన అబ్బాయిల్లో ఒక్కరిని కూడా ఆ ప్రశ్న అడగలేదు.

నేను ఒప్పుకోలేదు. నిర్ణయం ప్రస్తుతానికి ఆగింది. నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ఆడవాళ్లు ఈ రంగంలోకి రకరకాల కారణాలతో వస్తారు. కొందరికి డబ్బు, కొందరికి లెక్కలంటే ఇష్టం, కొందరికి ఇంకో ఉద్యోగం దొరక్కపోవడం. ఎందుకొచ్చారన్నదాన్ని బట్టి ఎలా పనిచేస్తారో చెప్పలేం. కాదనేవాళ్లు ఉంటే వాళ్ల మాటే ముందు వినాలని ఉంది.

సీనియర్_బగ్గు:

నేను కాదంటాను. ఆడవాళ్ల గురించే కాదు, అందరి గురించీ అంటున్నాను. మన పనిలో నేర్చుకున్నది కొన్నేళ్లకే పాతబడుతుంది. జీతం కోసమే వచ్చినవాళ్లు మొదట నేర్చుకున్న దగ్గరే ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. రాత్రి సిస్టమ్ పడిపోతే ఆ బరువంతా ఇంకొకరి మీద పడుతుంది. ఇష్టం ఉన్నవాళ్లు ఎవరూ అడగకపోయినా లోపలికి తవ్వుకుంటూ పోతారు.

అమెరికా నేవీలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్‌నే చూడండి. చిన్నప్పుడు ఇంట్లో అలారం గడియారాలు విప్పి, లోపల ఏముందో చూసేవారట. 1952 నాటికి ఎ-జీరో అనే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) తయారుచేశారు. 1986లో అమెరికా నేవీ నుంచి రిటైరయ్యేనాటికి ఆవిడకు 79 ఏళ్లు. ఆ కుతూహలమే లేకపోతే అంతకాలం ఎవరు నిలబడతారు?

అబ్బాయిల్ని అడగకపోవడం మాత్రం తప్పే. అడిగితే అందర్నీ అడగాలి. అసలు ఆ ప్రశ్నే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

రసాయనం_నుంచి_డేటా:

సీనియర్ గారూ, గడియారాలు విప్పిన పిల్లలే కావాలంటే మనం చాలామందిని పోగొట్టుకునేవాళ్లం.

ఫ్రాన్సెస్ ఆలెన్ సంగతి తెలుసా? లెక్కల టీచర్. మాస్టర్స్ పూర్తయ్యేసరికి చదువు అప్పు మిగిలింది. అది తీరేదాకా ఉండి, మళ్లీ పాఠాలు చెప్పుకుందామని 1957లో ఐబీఎంలో చేరారు. 2002 దాకా అక్కడే ఉండిపోయారు. మనం రాసిన కోడ్‌ను కంపైలర్ తనంతట తానే వేగంగా నడిచేలా మారుస్తుంది కదా, ఆ విద్యకు పునాదులు వేసినవాళ్లలో ఆవిడ ఒకరు. కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు 2006లో ఆవిడదే. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ కూడా ఆవిడే. ఇలాంటి ప్యానెల్లో ఎవరైనా "ఎందుకొచ్చారమ్మా?" అని అడిగి ఉంటే "అప్పు తీర్చడానికి" అనేవారు.

బార్బరా లిస్కోవ్ లెక్కల్లో డిగ్రీ చేశారు. ఆ చదువుకు ఆసక్తి కలిగించే ఉద్యోగం ఏదీ దొరకలేదు, ప్రోగ్రామర్ ఉద్యోగం దొరికింది. చేరేనాటికి ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో కూడా ఆవిడకు తెలియదు. 2008 ట్యూరింగ్ ఆవిడకు వచ్చింది. మార్గరెట్ హామిల్టన్ భర్త లా చదువుకుంటుంటే ఇల్లు గడవడానికని 1959లో ఎంఐటీలో ఉద్యోగానికి కుదిరారు. చివరికి చంద్రుడి దగ్గరికి వెళ్లిన అపోలో నౌకల ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపించారు. రేడియా పెర్ల్‌మన్ అయితే, చిన్నప్పుడు వస్తువులు విప్పదీసే రకం కాదు తను అని స్వయంగా చెప్పుకున్నారు. నెట్‌వర్కులో సమాచారం దారి తప్పి చుట్టూ తిరగకుండా చూసే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో ఆవిడ రూపొందించారు, దాని మీదే ఎన్నో ఏళ్లు నెట్‌వర్కులు నడిచాయి.

నా దారి ఇంకొకటి. నేను కెమిస్ట్రీ మనిషిని. ల్యాబ్‌లో పరికరాల నుంచి వచ్చే అంకెలు చేత్తో ఎక్కించడం భరించలేక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. నాకు కోడ్ మీద ప్రేమ ఏమీ లేదు, ఆ అంకెల్లో ఏముందో తెలుసుకోవాలన్న పట్టుదల ఉంది. అది లెక్కలోకి రాదా?

టెస్టింగ్_టేబుల్:

మీరంతా గెలిచినవాళ్ల కథలు చెబుతున్నారు. నాకు బాధ కలిగించే సంగతి వేరే ఉంది.

నేను డెవలపర్‌గా చేరాను. కొంతకాలానికి మేనేజర్ "మీకు ఓపిక ఎక్కువ, చిన్న చిన్నవి కూడా బాగా గమనిస్తారు" అని టెస్టింగ్‌లోకి, అంటే వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పనిలోకి పంపారు. తర్వాత "మీరైతే అందరితో చక్కగా మాట్లాడతారు" అని మీటింగులు ఏర్పాటు చేయడం, నోట్స్ రాయడం, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం నాకే అప్పగించారు. ఒక్కో మెచ్చుకోలుతో కోడ్‌కు ఒక్కో అడుగు దూరమయ్యాను. ప్రమోషన్ దగ్గరికి వచ్చేసరికి "డిజైన్ అనుభవం తక్కువ" అన్నారు. టెస్టింగ్ తక్కువ పని అని నేను అనడం లేదు, దాన్ని ఇష్టపడి చేసే గొప్పవాళ్లు నాకు తెలుసు. నేను ఎంచుకోలేదు, అంతే. కానీ ఆ కంపెనీ రికార్డుల్లో చూస్తే నాది "సొంత నిర్ణయం".

అందుకే "ఆడవాళ్ల దారులు రకరకాలు" అని ఎవరైనా సంబరంగా అంటే నాకు భయం. ఆ దారుల్లో మనం నడిచినవి ఎన్ని, మనల్ని నెట్టినవి ఎన్ని?

ఇది కొత్త కథ కూడా కాదు. అమెరికాలో తయారైన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్‌కు ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు. అప్పట్లో ఆ పనిని గుమాస్తా పనికి కాస్త పైన ఉన్నట్టు చూశారు, ఉద్యోగ హోదాలో కూడా వాళ్లను ప్రొఫెషనల్స్‌గా లెక్కించలేదు. 1946 ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని లోకానికి చూపించిన రోజున పెద్దలకు విందు జరిగింది. ప్రదర్శనకు ప్రోగ్రాము సిద్ధం చేసిన ఆడవాళ్లను ఆ విందుకు పిలవలేదు. తర్వాత ఈ పనికి విలువ, జీతం పెరిగాయి, మగవాళ్లూ పెరిగారు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకున్నవాళ్లలో 1980ల మధ్యలో ఆడవాళ్లు దాదాపు 37 శాతం. పాతికేళ్లు తిరిగేసరికి 18 శాతం దగ్గరికి పడిపోయింది. అంతమంది ఆడపిల్లలకు ఒక్కసారిగా ఇష్టం పోయిందంటే నమ్మాలా?

ఫైనల్_ఇయర్:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను చదువు చివర్లో ఉన్నాను. నాకు ఇది ఇష్టమో కాదో ఇంకా సరిగ్గా తెలియదు. ఇంట్లో నా సంపాదన అవసరం, అది మాత్రం ఖాయంగా తెలుసు. స్కూల్లో ఉన్నప్పట్నుంచే కోడ్ రాస్తున్న అబ్బాయిలు మా క్లాసులో ఉన్నారు. వాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు టెన్షన్ వస్తుంది, ఈ పని నాది కాదేమో అనిపిస్తుంది. మార్కులు మాత్రం వాళ్లకంటే తక్కువేం రావు. ఇంటర్వ్యూలో "ఎందుకొచ్చావు?" అంటే నిజం చెప్పాలా, వాళ్లు వినాలనుకునేది చెప్పాలా?

పాఠాలు_చెప్పే_మనిషి:

అమ్మాయ్, నీకు వస్తున్న అనుమానం మీద పెద్ద పరిశోధనే జరిగింది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1990ల చివర్లో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడారు. చాలామంది అబ్బాయిలు చిన్నప్పుడు కంప్యూటర్ చూడగానే మనసు పడిపోయిందని చెప్పారు. చాలామంది అమ్మాయిలు వైద్యానికో చదువుకో ఇంకో పనికో ఉపయోగపడుతుందని వచ్చామన్నారు. అమ్మాయిల్లో ముందు తగ్గేది ధైర్యం, ఆ తర్వాతే ఇష్టం తగ్గుతుందని వాళ్లకు కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్లలా రాత్రింబవళ్లు కంప్యూటర్ ముందు కూర్చోకపోతే తమకు ఈ చదువు తగదని అమ్మాయిలు అనుకునేవారు. నువ్వు రాసిందీ అదే కదా.

తర్వాత అక్కడ అడ్మిషన్లలో ముందస్తు కోడింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించారు. అనుభవం ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు మొదటి కోర్సులు వేరుగా పెట్టారు. 1995లో కొత్తగా చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతం, 2000 నాటికి 42 శాతం. పాఠాల స్థాయిని దించకుండానే ఇది జరిగింది.

సీనియర్ గారికి ఒక మాట. "నిజమైన ప్రోగ్రామర్ ఇలా ఉంటాడు" అన్న బొమ్మ మనకు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. 1960లలో ఇద్దరు సైకాలజిస్టులు సుమారు 1,400 మంది ప్రోగ్రామర్లను అడిగి ఒక కొలమానం తయారుచేశారు. అందులో ఎక్కువమంది మగవాళ్లే. ప్రోగ్రామర్లకు పజిల్స్ అంటే ఇష్టం, మనుషులతో వ్యవహారం అంటే ఇష్టం ఉండదు అని తేల్చారు. అలాంటి కొలమానాలు పట్టుకుని కంపెనీలు మనుషుల్ని ఎంచుకున్నాయి. అలా ఎంచుకున్నవాళ్లను చూసి, ప్రోగ్రామర్లు ఇలాగే ఉంటారని లోకం అనుకుంది.

మలేసియాలో ఈ బొమ్మ లేదు. అక్కడ కంప్యూటర్ సైన్స్ అంటే లోపల కూర్చుని చేసే మంచి ఉద్యోగం అని ఇళ్లలో అనుకుంటారు. అమ్మాయిలు సగం, అంతకంటే ఎక్కువ ఉన్న క్లాసుల గురించి పరిశోధకులు రాశారు. వాళ్లలో చాలామంది వచ్చింది ఉద్యోగం కోసమే, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

నిజమే చెప్పు. "అవసరం కోసం వచ్చాను" అని అక్కడితో ఆపకుండా, నువ్వు చేసిన ప్రాజెక్టులో ఎక్కడ ఇరుక్కున్నావో, ఎలా బయటపడ్డావో కూడా చెప్పు.

సీనియర్_బగ్గు:

ఆలెన్ గారి సంగతి నాకు తెలియదు. చదివాక ఆలోచించాను. చిన్నప్పటి కథ అడిగి మనిషిని కొలవడం సరికాదని ఒప్పుకుంటున్నాను. కానీ కొత్తది నేర్చుకునే ఓపిక ఉందా లేదా అన్నది చూడాల్సిందే, అక్కడ నా మాట మారదు.

ఇంకో సంగతి ఎవరూ అనడం లేదు కాబట్టి నేను అంటాను. "ఆడవాళ్లకు కోడ్ కంటే దానివల్ల జరిగే మంచి ముఖ్యం" అని పదేపదే అంటే, కోడ్‌నే ప్రేమించే ఆడవాళ్లు ఏమైపోవాలి? మా టీమ్‌లో ఒకావిడ ఉన్నారు. మెమరీ ఎక్కడ లీకవుతోందో వెతకడంలో ఆవిడకున్న ఆనందం నేను ఎవరిలోనూ చూడలేదు. ఆవిడను ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు "మీరు మేనేజ్‌మెంట్‌లోకి రావాలి, ఆడవాళ్లకు మనుషుల్ని చూసుకోవడం సహజంగా వస్తుంది" అంటారు. ఆవిడకు ఒళ్లు మండుతుంది.

టెస్టింగ్_టేబుల్:

ఈ ఒక్క మాటకు మీకు చేతులెత్తి దండం. నాకు జరిగింది సరిగ్గా అదే. మీ మీద నాకున్న అభ్యంతరం మాత్రం పోలేదు. జీతం కోసం వచ్చి నేర్చుకోవడం ఆపేశారని మీరన్న మనుషులకు ఎలాంటి పని ఇచ్చారో కూడా చూడండి. ఏళ్ల తరబడి ఎక్సెల్ షీట్లు నింపించి "నేర్చుకోలేదు" అంటే ఎలా?

సీనియర్_బగ్గు:

అడగాల్సిన ప్రశ్నే. ఒకరిద్దరి విషయంలో నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ_మొదలు:

నేను పిల్లల కోసం ఉద్యోగం మానేసి, చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినదాన్ని. మీరంతా కారణం అంటే ఒక్కటే ఉంటుందన్నట్టు, అది ఎప్పటికీ మారదన్నట్టు రాస్తున్నారు. నా విషయంలో మొదట జీతం. తర్వాత కొన్నేళ్లు నిజంగానే పని మీద మోజు, ఆదివారాలు కూడా కూర్చునేదాన్ని. పిల్లలు పుట్టాక నాకు కావాల్సింది టైమ్. ఇప్పుడు మళ్లీ పని మీద ఆకలి. ఏ ఏడాది అడిగారన్నదాన్ని బట్టి నా జవాబు మారేది.

ఎనియాక్ ఆరుగురిలో జీన్ బార్టిక్ ఒకరు. పిల్లల్ని పెంచుతూ దాదాపు పదిహేనేళ్లు ఈ పనికి దూరంగా ఉన్నారు. 1967లో ఇంగ్లిష్‌లో మాస్టర్స్ తీసుకుని, కంప్యూటర్ల గురించి రాసే ఎడిటర్‌గా తిరిగొచ్చారు. బ్రిటన్‌లో స్టెఫానీ షిర్లీ 1962లో ఆరు పౌండ్లతో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, పిల్లలున్న ప్రోగ్రామర్లకు ఇంటి నుంచే పని ఇచ్చారు. ఆడపేరుతో రాస్తే ఉత్తరాలకు జవాబు రావడం లేదని "స్టీవ్" అని సంతకం పెట్టేవారు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కు సంబంధించిన ప్రోగ్రాములు వాళ్లు రాశారు. ఇంట్లో, వీలైన గంటల్లో పనిచేసే ఆడవాళ్లు! వాళ్లకు ప్యాషన్ ఉందో లేదో ఎలా కొలుస్తారు, కూర్చున్న గంటలతోనా?

నేను తిరిగి ఉద్యోగాలకు వెళ్లినప్పుడు "ఇన్నేళ్లు వదిలేశారంటే మీకు అంత ఇష్టం లేదన్నమాట" అని ఒక ప్యానెల్లో అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

రసాయనం_నుంచి_డేటా:

మీ మాట చదివాక నాకూ అర్థమైంది. నేను పైన చెప్పినవాళ్లను తలుపు దగ్గర ఎవరైనా ఆ ప్రశ్న అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. మనుషులు కావాల్సి వచ్చింది, తీసుకుని నేర్పించారు. ఇష్టం పనిలో పడ్డాక పెరిగింది. ఇప్పుడు ఇష్టం ముందే తెచ్చుకుని రమ్మంటున్నాం.

మబ్బుల్లో_సర్వర్:

అందరికీ థాంక్స్. మా ప్యానెల్‌తో మళ్లీ కూర్చున్నాను. "ఈ ఫీల్డ్‌లోకి ఎందుకొచ్చారు?" అన్నది మా ఇంటర్వ్యూ ఫారం నుంచి తీసేస్తున్నాం. దాని బదులు "ఈమధ్య కొత్తగా ఏం నేర్చుకోవాల్సి వచ్చింది, ఎక్కడ కష్టమైంది?" అన్నది పెడుతున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరినీ అదే మాటల్లో అడుగుతాం. సీనియర్ గారి పట్టుదల వల్లే ఇది తట్టింది. ఆ అమ్మాయిని పిలిచి ఇదే ప్రశ్న అడిగాం, మిగతా అభ్యర్థులనూ అడిగాం. ఫలితం వచ్చే వారం చెబుతారు. మా ప్యానెల్లో "వద్దు" అన్న ఆయన మాత్రం ఇంకా మెత్తబడలేదు.

టెస్టింగ్_టేబుల్:

బాగుంది. కానీ తీసుకున్నాక ఏం జరుగుతుందన్నది కూడా మీ చేతుల్లోనే ఉంది. ఆ అమ్మాయి వస్తే, మొదటి ఏడాదిలో మీటింగ్ నోట్స్ ఎవరు రాస్తున్నారో వంతులవారీగా ఒక పట్టిక పెట్టండి. ఎవరి రోల్ మారినా, ఆ మార్పు ముందు అడిగింది ఎవరు అన్నది రాతపూర్వకంగా ఉంచండి. ఆ ఉద్యోగే అడిగారా, మేనేజర్ అడిగారా?

మబ్బుల్లో_సర్వర్:

నోట్స్ వంతులు ఈ వారమే మొదలుపెడతాను, మొదటి వంతు నాదే. రెండోదానికి హెచ్ఆర్ వాళ్లు ఒప్పుకోవాలి, అడిగి ఇక్కడే రాస్తాను.