పోర్ట్రెయిట్‌లో ఫోకస్ ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: అమ్మమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 85 ఎంఎం లెన్సు అమర్చి, ఎఫ్/1.8 (లెన్సు రంధ్రం బాగా తెరిచి ఉండే అమరిక) వద్ద మీటరున్నర దూరం నుంచి ఫొటో తీశాను. ముక్కుపుడక రాయి మెరుపుతో సహా చక్కగా వచ్చింది గానీ కళ్లు మసకబారాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు 1: ఫోకస్ కంటి మీదే ఉండాలి, ముఖం పక్కకు తిరిగి ఉంటే కెమెరాకు దగ్గరగా ఉన్న కన్ను ముఖ్యం. మీరు చెప్పిన కొలతల వద్ద స్పష్టంగా కనిపించే లోతు మొత్తం మూడు సెంటీమీటర్లకు కాస్త పైన మాత్రమే కనుక, ముక్కుపుడక మీద ఫోకస్ పడితే కన్ను ఆ పరిధి దాటిపోతుంది. రంధ్రాన్ని తగ్గించి ఎఫ్/4 పెడితే ఆ లోతు రెట్టింపు దాటుతుంది.

జవాబు 2: తెర మధ్యనున్న ఫోకస్ పాయింటుతో ఫోకస్ చేసి, ఆ తరువాత కెమెరాను తిప్పి ఫ్రేము సరిచేసే అలవాటు ఉంటే మానుకోండి. ఇంత దగ్గరలో పది డిగ్రీలు తిప్పినా ఫోకస్ తలం (స్పష్టంగా వచ్చే పొర) కంటికి రెండు సెంటీమీటర్ల వెనక్కి జరిగి, కన్ను మసకబారుతుంది. పాయింటునే కంటి మీదికి జరపడం మేలు.

ప్రశ్న అడిగినవారు: అమ్మమ్మగారు కళ్లజోడు పెట్టుకుంటే ఫోకస్ ఆ కళ్లజోడు ఫ్రేము అంచును పట్టుకుంటోంది.

జవాబు 1: అప్పుడు అతి చిన్న ఫోకస్ పాయింటు ఎంచుకుని, తెరపై బొమ్మను పెద్దది చేసి కనుపాపను సరిచూసుకోండి.