కొర్రమీను కప్ప ఫ్లై: కొత్త డిజైను నీళ్లలో ఎందుకు తిరగబడుతోంది?

చంపావతి_గట్టు:
చెరువుల్లో కొర్రమీను కోసం 6 మి.మీ. ఫోమ్‌తో కప్ప ఫ్లై (గాలానికి ఫోమ్, ఈకలు దారంతో కట్టి చేసే నకిలీ ఎర) డిజైన్ చేస్తున్నాను. గాలం 1/0 సైజు, మొనకీ కాడకీ (నిలువు భాగానికీ) మధ్య వెడల్పు గ్యాప్‌ది. పది కాస్టులకే (విసుర్లకే) ఫోమ్ గాలం కాడ చుట్టూ తిరిగిపోతోంది. దారం బిగిస్తే ఫోమ్ తెగుతోంది, వదులిస్తే మళ్లీ తిరుగుడే. పైగా నీళ్లలో పక్కకి ఒరుగుతోంది, వెనక కాళ్ల ఈకలు వంపుకి చుట్టుకుంటున్నాయి. ఏటి చెయ్యాలి?

నాగావళి_దారం:
బిగింపు సంగతి తర్వాత అన్నా, ముందు కాడ నున్నగా ఉంది చూడు. కాడ పొడుగునా దారం దగ్గరదగ్గరగా చుట్టి, ఎడం ఎడంగా వెనక్కి రా. గరుకు తేలాలి. ఫోమ్ అడుగున బ్లేడుతో సగం మందం దాకా గాటు పెట్టి, గాటులో ఒక్క చుక్క సూపర్‌గ్లూ వేసి, కాడ మీద కూర్చోబెట్టి 30 సెకన్లు నొక్కు. దారం ఆ తర్వాతే. మొదటి రెండు చుట్లు ఊరికే ఆనించి, మూడో చుట్టు నుంచి బిగించు.
70 డెనియర్ సన్న దారమైతే ఫోమ్‌ని కోసేస్తుంది, 140 గానీ 210 గానీ వాడు. బాబిన్‌ని (దారం కండె పిడిని) ఎడమకి తిప్పితే పురి విడి దారం చదునవుతుంది. చుట్లన్నీ ఒకే గీత మీద పడినా తెగుతుంది, 2 మి.మీ. పట్టీలా పరుచుకోనీ.

చంపావతి_గట్టు:
మరి ఒరగడం?

నాగావళి_దారం:
కాడ కిందికి ఫోమ్ ఎంత దిగిందో చూడు. తేలేదంతా పైన, బరువంతా కింద ఉండాలి. కింద ఫోమ్ నిండితే ఒరగడమే కాదు, గ్యాప్ మూసుకుపోయి కాటు పడినా గాలం దిగదు. అడుగు కోసినా ఒరుగుతుంటే కాడ కింది వైపు సెంటీమీటరు సన్న సీసం తీగ నిలువుగా కట్టు. కాడ చుట్టూ చుట్టావంటే మునుగుతాది. ఈ పరీక్షకి చెరువు దాకా ఎందుకు, బకెట్ చాలు.

ఈకల_సంచి:
కాళ్ల సంగతి. ఈక పొడుగు కాడకి ఒకటిన్నర రెట్లు దాటిందా, చుట్టుకోక మానదు. అయినా పొడుగే కావాలంటే 0.40 మి.మీ. నైలాన్ ముక్కని లూపులా వంచి, ఈకల కింద వంపు దగ్గర పడుకోబెట్టి కట్టాలి. ఈకలు దాని మీద ఆనుకుంటాయి. ఎడమ ఈక, కుడి ఈక జత సరిపోవాలి, లేదంటే ఫ్లై గిరగిరా తిరిగి లీడర్‌కి (ఫ్లై కట్టే చివరి సన్న తాడుకి) పురెక్కిస్తుంది.
కోడి మాంసం కొట్లో దొరికే బ్రాయిలర్ ఈకలు దీనికి పనికిరావు. ఆరేడు వారాలకే కోసేస్తారు, మెడ ఈక ముదరదు, ఈనెకి బిగువుండదు. ముదురు నాటుపుంజు మెడ కావాలి. సంక్రాంతి వెళ్లాక వెతుక్కోండి. సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. పురుగు ఒక్కటి దూరిందంటే సంచి మొత్తం పోతుంది.

మొగ_పండుగప్ప:
కోనాడ, కళింగపట్నం మొగల్లో (నది సముద్రంలో కలిసేచోట) పండుగప్ప చేపకి కట్టేవాళ్లకీ ఈ తిరుగుడు గోలే, కాకపోతే అక్కడ తిరిగేవి డంబెల్ కళ్లు (రెండు గుండ్లున్న లోహపు బరువు). అమెరికా ఫ్లై జాలరి బాబ్ క్లౌజర్ 1980ల్లో తెచ్చిన పద్ధతిలో కళ్లు కాడ పైవైపు కడతాం, ఆ బరువుకి ఫ్లై తిరగబడి గాలం మొన పైకి వస్తుంది. గాలం కన్నం (తాడు కట్టే రంధ్రం) నుంచి కాడలో మూడో వంతు వెనక్కి కళ్లు పెట్టి, అడ్డంగా ఎనిమిది అంకెలా అటు 10, ఇటు 10 చుట్లు వెయ్యండి. తర్వాత కళ్లకీ కాడకీ మధ్య గుండ్రంగా 6 చుట్లు వేస్తే ముందు చుట్లన్నీ బిగుస్తాయి. ఆపైన గ్లూ.
వెంట్రుక అగ్గిపుల్ల మందం మించొద్దు. కొత్తగా డిజైన్ చేసేవాళ్లంతా ఒత్తుగా పెట్టేస్తారు, అది మునగదు, ఈదదు. మేక వెంట్రుక చాలు. జింక, దుప్పి వెంట్రుకల జోలికి వెళ్లొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

ఈకల_సంచి:
వెంట్రుక కట్టేముందు దువ్వి అడుగు నూగు తీసెయ్యాలి, అది ఉంటే ముడి లావెక్కి గాలం కన్నం మూసుకుపోతుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు కదా, పని అదే. మనకి పాత టూత్‌బ్రష్ చాలు. కన్నం వెనక రెండు కన్నాలంత జాగా ఖాళీగా వదిలి మొదలెట్టండి, విప్ ఫినిష్‌కి (చివరి ముడికి) చోటుంటుంది.

చంపావతి_గట్టు:
గాటు, గ్లూ, 140 దారంతో కట్టి, అడుగు ఫోమ్ కోసేశాను. తిరగడం లేదు, ఒరగడం లేదు. ఇప్పుడు ముక్కు పైకి లేచి వెనక భాగం నీళ్లలోకి దిగుతోంది. ముందు ఫోమ్ తగ్గించాలా?

నాగావళి_దారం:
ముట్టుకోవద్దు. కప్ప ఉండేదే అలాగ. దిగిన వెనక భాగానికి తామర తూడులు తగులుకుంటే, వంపు దగ్గర నుంచి కన్నం దాకా అదే 0.40 నైలాన్ లూపు, మొన కంటే 3 మి.మీ. కిందికి దిగేలా కట్టు.