అప్‌డేట్: ఉగాండాలో పసిపాప తల ఆపరేషన్‌కి డబ్బు పంపడం

ఉగాండాలో, ఎంబాలేలోని క్యూర్ మిషన్ ఆసుపత్రిలో హైడ్రోసెఫలస్ (మెదడులో నీరు చేరే జబ్బు) ఆపరేషన్ జరగాల్సిన పాపకి హైదరాబాద్ నుంచి డబ్బు ఎలా పంపాలి, ఇక్కడే షంట్ (ఆ నీటిని బయటికి మళ్లించే గొట్టం) కొని పంపితే మేలా అని అడిగాను కదా. జవాబులిచ్చినవాళ్లందరికీ థాంక్స్. తేలిన సంగతులు ఇవీ.

షంట్ పంపక్కర్లేదు. అక్కడ ఎన్నో ఏళ్లుగా వాడింది మన ఉత్తరప్రదేశ్‌లో తయారయ్యే చవకైన ఛాబ్రా షంటే! పైగా పిల్లలందరికీ షంట్ వెయ్యరు. అమెరికా న్యూరోసర్జన్ బెంజమిన్ వార్ఫ్ అక్కడ 2001 నుంచి చేసిన పద్ధతిలో, ఎండోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నని గొట్టం) మెదడులో నీరుండే గదుల్లో ఒకటైన మూడో జఠరిక అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి దారిస్తారు, నీరు ఊరే పొరని కాలుస్తారు. షంట్ గొట్టం మూసుకుపోతే పల్లెటూరి తల్లి సమయానికి ఆసుపత్రికి చేరలేదు, అందుకే ఈ దారి. అయితే ఆ రంధ్రమూ పూడిపోవచ్చు, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మాడు ఉబ్బడం, వాంతులు, కళ్లు కిందికి వాలిపోవడం కనిపిస్తే వెంటనే తీసుకెళ్లాలి. కాబట్టి ఆపరేషన్ ఖర్చుతోపాటు తిరుగు చెకప్‌ల బస్సు ఛార్జీలకీ డబ్బు కేటాయించండి. దాతలు మర్చిపోయేది ఇదే.

ఇక డబ్బు పంపడం: బ్యాంకులో ఎల్‌ఆర్‌ఎస్ (మనం విదేశాలకి డబ్బు పంపుకోడానికి రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఫారం ఏ2, పాన్ ఇవ్వాలి. డబ్బు ఎందుకో చెప్పే పర్పస్ కోడ్ ఎస్1303, అంటే విదేశీ సేవాసంస్థకి విరాళం. ఛార్జీల దగ్గర 'అవర్' (OUR, అంటే ఛార్జీలన్నీ పంపేవాళ్లవే) పెట్టకపోతే మధ్య బ్యాంకులు కోసుకుంటాయి. ఖాతా పేరు అక్షరం తేడా వచ్చినా డబ్బు వెనక్కి రావచ్చు. విరాళాలకిచ్చే 80జీ పన్ను మినహాయింపు మాత్రం దీనికి రాదు.