అద్దె ఇంటి మేడ మీద ఆనప పందిరి: స్లాబుకి మేకు కొట్టకుండా ఎలా?

మర్రిపాలెం మేడ:
అందరికీ నమస్కారం. మేం విశాఖ మర్రిపాలెంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. పైన మేడ మాకే వదిలేశారు. కానీ ఓనరుగారి షరతు: స్లాబుకి గానీ పిట్టగోడకి గానీ ఒక్క మేకు కూడా కొట్టకూడదు, కిందికి చెమ్మ దిగకూడదు. మా అత్తగారు బొబ్బిలి నుంచి ఆనప గింజలు, బీర గింజలు పంపారు. వాటికి పందిరి, తోటకూరకి, పాలకూరకి రెండు మళ్లు కావాలి. వెల్డింగ్ షాపులో అడిగితే ఇనప పందిరికి పద్నాలుగు వేలన్నాడు. నా దగ్గరున్నది 2,500. ఇటుకలు పేర్చి అడుగెత్తు ఎర్రమట్టి పోసేస్తే మడి అయిపోతుందని మా ఆయన అంటున్నారు. మా ఇద్దరికీ సుత్తి పట్టుకోవడం తప్ప ఇంకేం రాదు. చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

పాత వెల్డరు, గాజువాక:
అమ్మా, ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసినవాణ్ణి, అయినా చెప్తున్నాను, ఇనుము వద్దు. ఈ ఉప్పుగాలికి రెండేళ్లకోసారి రంగు వెయ్యకపోతే అతుకుల దగ్గర పొరలు పొరలుగా రాలుతుంది.

నా కథ విను. 2013లో మా మేడ మీద యాంగ్లర్లతో (ఎల్ ఆకారపు ఇనప కమ్మీలు) పందిరి చేశాను. స్లాబులో బోల్టులు దించి, పైన షేడ్ నెట్ డోలు చర్మంలా లాగి కట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. మరుసటి ఏడు అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ నెట్ తెరచాపలా గాలి పట్టింది. పందిరి బోల్టులతో సహా ఊడి ఎదురింటి వాటర్ ట్యాంకు మీద పడింది. ట్యాంకు డబ్బులు కట్టాను, అది వేరే సంగతి. బోల్టులు ఊడిన చోట పడ్డ కన్నాల్లోంచి తర్వాతి వానలకి మా మంచం మీద నీళ్లు కారాయి. అప్పట్నుంచి పందిరి కట్టేముందు దాన్ని విప్పేదెలాగో చూసుకుంటున్నాను.

ఇప్పుడు నాది ఇలా ఉంది. పెయింటర్ల దగ్గర ఇరవై లీటర్ల ఖాళీ బకెట్లు నాలుగు తీసుకో. ఒక్కోదాని అడుగున మధ్యలో వేలు పట్టేంత కన్నం పెట్టు. మూడంగుళాల పీవీసీ పైపుని అడుగుంబావు ముక్కలు నాలుగు కోసి, ఒక్కో ముక్కని కన్నం మీద నిలబెట్టి, లోపల ఇసుక నింపు. పైపు చుట్టూ కాంక్రీటు పొయ్యి: ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు చిప్స్ (సన్న కంకర). నాలుగు బకెట్లకీ అర బస్తా సిమెంటు చాలు. ఏదైనా ఇల్లు కడుతున్నచోట మేస్త్రీని మంచిగా అడిగితే ఇచ్చేస్తాడు. వారం రోజులు తడుపుతూ ఉండి, తర్వాత ఇసుక దులిపెయ్యి. ఆ కన్నం మర్చిపోవద్దు. లేకపోతే పైపులో వాన నీళ్లు నిలిచి కర్ర కుళ్లుతుంది, పైగా దోమలు.

ఒక్కో బకెట్టూ 45 కిలోల పైనే తూగుతుంది. అందుకే ఖాళీవి పైకి చేర్చి, పెట్టే చోటే పొయ్యండి. నేను కింద పోసి మోయించాను, నడుం ఇప్పటికీ గుర్తు చేస్తుంది. మేడ మధ్యలో కాకుండా పిట్టగోడ మూలలకి, కింద దూలాలున్నవైపు పెట్టండి.

పైపుల్లో ఎనిమిదడుగుల సరుగుడు కర్రలు దింపి, చుట్టూ సందులో కొబ్బరి పీచు కుక్కితే కర్ర కదలదు. పైన వెదురు బొంగులు అడ్డంగా, తీగతో గళ్లు. తుపాను హెచ్చరిక వస్తే పాదు పైన కోసేసి, కట్లు తెంపి, కర్రలు లాగేసి పడుకోబెట్టెయ్యొచ్చు. పదిహేను నిమిషాల పని.

ఇక మీ ఆయనకి చెప్పు: తడిసిన ఎర్రమట్టి అడుగు మందాన పోస్తే చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మేడకి మామూలుగా లెక్క వేసే బరువు 150 కిలోలే.

పెదవాల్తేరు పెరడు:
బాబాయ్‌గారు చెప్పినదంతా సరే, తీగ దగ్గర ఒక మాట. మాకు సముద్రం వినిపించే దూరం. జీఐ వైరు (జింకు పూత ఇనప తీగ) ఏడాదికే తుప్పు పట్టి తెగింది, కాయలతో సహా. బట్టలారేసుకునే ప్లాస్టిక్ తొడుగు తీగ వాడండి.

మళ్లకి ఇటుకలెందుకు? ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల థర్మాకోల్ పెట్టెలు ఊరికే పడేస్తుంటారు. రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, అడుగున నాలుగు కన్నాలు పెట్టాను. ఎండకి పెచ్చులూడకుండా పాత ఫ్లెక్సీ చుట్టాను (మా పాలకూర ఇప్పుడొక నాయకుడి నవ్వులోంచి పెరుగుతోంది). కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు చెరిసగం, కొంచెం మట్టి. పెట్టె కింద ఇటుక ముక్కలు పెడితే నీళ్లు నిలవవు, స్లాబు కనిపిస్తూ ఉంటుంది. మొదటి వారం వీధిలో పిల్లులన్నీ మా మేడ మీదే. వాసన పోయాక అవే మానేశాయి.

భీమిలి రోడ్డు:
మట్టి కొంటే ఎక్కడిదో అడగండి. మా భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా ఏర్పడ్డ వారసత్వ స్థలం, తవ్వడం నేరం. నర్సరీ మట్టి చాలు.

మర్రిపాలెం మేడ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పందిరి నిలబడింది! మొత్తం 2,040 అయింది. అందులో పెద్ద ఖర్చు సరుగుడు కర్రలు, ఒక్కోటి 120. పైపు ముక్కలుగా అమ్మనన్నారు, పదడుగులూ కొనాల్సొచ్చింది. ఓనరుగారు పైకొచ్చి, ఒక బకెట్టుని కాలితో తోసి చూసి, ఏమీ అనకుండా దిగిపోయారు. ఆనప నాలుగాకులు వేసింది. ఒకటే టెన్షన్: ఇసుక నింపేటప్పుడు పైపు ఒకటి పక్కకి ఒరిగినట్టుంది, ఆ మూల కర్ర వంకరగా ఉంది. పగలగొట్టి మళ్లీ పొయ్యాలా బాబాయ్‌గారూ?

పాత వెల్డరు, గాజువాక:
అక్కర్లేదమ్మా. కర్ర ఎటు వాలిందో అటు పైపు మూతి దగ్గర పీచు ఇంకాస్త కుక్కు, ఎదురు వైపు కొంచెం తియ్యి. ఇంకా చాలకపోతే బకెట్టు కింద పలక ముక్క దోపు. పాదు పైకి పాకిందంటే కర్ర వంకర నీకే కనబడదు.