వర్క్స్ కమిటీ కాగితం మీదే ఉంది, మీటింగ్ పెట్టించేదెలా?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో, ప్రొడక్షన్ విభాగంలో పనిచేస్తున్నాను. పర్మినెంట్ కార్మికులమే 140 మందిమి. 100 మంది ఉన్న చోట ప్రభుత్వం పెట్టమనే వర్క్స్ కమిటీ (కార్మికులు, మేనేజ్‌మెంట్ కలిసి కూర్చుని పని సమస్యలు మాట్లాడుకునేది) మాకూ ఉంది. కార్మికుల తరఫున ఐదుగురం, మేనేజ్‌మెంట్ తరఫున ఐదుగురు. పేర్లు నోటీసు బోర్డులో ఉన్నాయి, మీటింగే లేదు. మూడు నెలలకోసారి మినిట్స్ పుస్తకం మాత్రం వస్తుంది, జరగని మీటింగ్‌కి సంతకం పెట్టమంటారు.

గత నెల ఉదయం షిఫ్ట్‌ని 6 గంటల నుంచి 5:30కి జరిపారు. కమిటీలో ఉన్న మాకు కూడా బోర్డు మీద చూశాకే తెలిసింది. పొందూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆ వేళకి బస్సు అందదు, కంపెనీ బస్సు హైవే దిగి లోపలికి రాదు. అరగంటే కదా అంటున్నారు, ఆడవాళ్లు చీకట్లో రోడ్డు మీద నిలబడాలి మరి.

అజెండా రాసి హెచ్‌ఆర్‌కి ఇచ్చాం. తీసుకున్నారు గానీ అందినట్టు సంతకం చేయలేదు. మెయిల్‌కి జవాబు లేదు. ఈసారి మినిట్స్ మీద నేను సంతకం పెట్టలేదు, మిగతా నలుగురితో పెట్టించుకున్నారు (వాళ్లని తప్పుపట్టను, ఉద్యోగ భయం ఎవరికైనా ఉంటుంది). 20 మంది ఉంటే పెట్టాల్సిన గ్రీవెన్స్ కమిటీ సంగతీ అడిగాం. అది ఒక్కొక్కరి ఫిర్యాదులకి, షిఫ్ట్ విషయం అందులోకి రాదన్నారు. మాకు యూనియన్ లేదు.

ఇలా ఆగిపోయిన వర్క్స్ కమిటీ గురించి లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టి మీటింగ్ జరిపించుకున్నవాళ్లు ఉంటే, ఆ అర్జీకి ఏ ఆధారాలు జతచేశారో చెప్తారా?