డైవింగ్ మెడిసిన్ నేర్చుకోవాలంటే ఎంబీబీఎస్ తర్వాత దారేంటి?

లంక డాక్టర్ (ముమ్మిడివరం వైపు):

నమస్కారమండి. కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ చేసి, ఇప్పుడు ఇక్కడో పీహెచ్‌సీలో ఉన్నాను. గోదావరిలో ఇసుక తీసే నావల వాళ్లు మా ఓపీకి వస్తుంటారు. గెడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుక్కి దిగి, బకెట్‌తో ఇసుక నింపుకొచ్చే పని. చెవిపోటు, చీము, కర్ణభేరికి చిల్లు... ఎవర్ని చూసినా ఇదే వరస. వీళ్లు కాక ఓడలరేవు, ఎస్.యానాం వైపు సముద్రంలో గ్యాస్ పైపుల పనికి మునిగే కుర్రాళ్లున్నారు. అందులో ఒకతను డైవింగ్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలన్నాడు. తెలియని దానికి సంతకం పెట్టనని చెప్పి పంపేశాను. అప్పట్నుంచీ ఇది నేర్చుకోవాలనే పురుగు తొలుస్తోంది.

దీనికి ఎండీ ఉందా? చిన్న పిల్లాడున్నాడు, సైన్యంలో చేరకుండా కుదురుతుందా? ఎక్కడ వెతికినా ఏరోస్పేస్, డైవింగ్, హైపర్‌బారిక్ (ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చే వైద్యం) అని మూడూ ఒక్క గాటన కట్టేసి ఉన్నాయి. విమానానికీ మునకకీ సంబంధమేంటి?

రాజోలు పాత నేవీ:

అమ్మా, సంతకం పెట్టకపోవడమే నీ మొదటి పాఠం, అది పాసైపోయావు. నేను నేవీలో డాక్టర్‌గా చేసి రిటైరై కొబ్బరి తోట చూసుకుంటున్నాను. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆఖరి ప్రశ్న. మూడింటికీ మూలం గాలి ఒత్తిడే. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది, చెవిలో గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఇంకో పది దిగితే మూడో వంతుకి వస్తుంది. అంటే పెద్ద మార్పంతా మొదటి పది మీటర్లలోనే. మీ ఇసుక వాళ్లు లోతుకి వెళ్లరు కదా, వాళ్లకెందుకు చెవులు పోతాయని చాలామంది డాక్టర్లే అడుగుతారు. ఆ తక్కువ లోతులోనే పోతాయి!

కింద ఎక్కువసేపు గాలి పీల్చితే నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే బుడగలు కడుతుంది. అదే బెండ్స్. పైలట్‌కీ ఇదే ముప్పు, కాకపోతే అతను సాధారణ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి పోతాడు. కేబిన్‌లో ఒత్తిడి పోయి పద్దెనిమిది వేల అడుగులు దాటితే బుడగల భయం మొదలు. స్పేస్‌వాక్‌కి వెళ్లేవాళ్లు ముందుగా ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్‌ని బయటకి తోసేసేది అందుకే. పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1878లోనే ఈ బుడగల సంగతి రాశాడు. 1908లో హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మేకల్ని ఛాంబర్‌లో, అంటే ఒత్తిడి పెంచి తగ్గించే మూసిన గదిలో పెట్టి, ఎంతెంత సేపు ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో పట్టికలు వేశాడు. మునిగేవాళ్లు చేతికి కట్టుకునే ఇప్పటి డైవ్ కంప్యూటర్లు ఆ మేకలకి రుణపడే ఉన్నాయి.

ఇక చదువు. మన దేశంలో ఆకాశం వైపు బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. 1957లో మొదలైంది, వైమానిక దళానిది, అక్కడ ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఎండీ ఉంది. అంతరిక్షానికి వెళ్లిన రాకేశ్ శర్మకి పరీక్షలు చేసింది వాళ్లే. నీటి వైపు ముంబైలో నేవీ వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేవల్ మెడిసిన్, అక్కడ మెరైన్ మెడిసిన్ ఎండీ. రెండింటికీ నీట్ పీజీ రాయాల్సిందే. సీట్లు సైనిక వైద్య సేవల కోటాలో వస్తాయి. సర్వీసులో ఉన్నవాళ్లది ముందు వరస, సివిలియన్లది చివరి వరస. ఆశ పెట్టుకో, దాని మీదే కూర్చోకు.

పిల్లాణ్ణి వదల్లేనంటే చిన్న కోర్సులే నయం. యూరప్ పద్ధతిలో లెవెల్ 1 అంటే డైవర్లని పరీక్షించి ఫిట్‌నెస్ ఇచ్చే డాక్టర్. నీక్కావలసింది సరిగ్గా అదే. ఆ పైన 2డి డైవింగ్ వైద్యానికి, 2హెచ్ ఛాంబర్ వైద్యానికి. అమెరికా వైపు హైపర్‌బారిక్ ప్రాథమిక కోర్సు నలభై గంటలది.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. చాలామంది నేరుగా ఛాంబర్ కోర్సుకి పరిగెడతారు, సిటీ ఆసుపత్రుల్లో డబ్బు అక్కడుంది కాబట్టి. షుగర్ పుండ్లకి, కార్బన్ మోనాక్సైడ్ విషానికి, రేడియేషన్‌తో దెబ్బతిన్న ఎముకకి ఛాంబర్ పనిచేస్తుంది, కాదనను. వయసు తగ్గిస్తామనే ప్రకటనలు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అది ఆటవస్తువు కాదు. 1997లో మిలాన్‌లో ఛాంబర్ అంటుకుని పదకొండు మంది పోయారు.

బార్జి కుర్రోడు (కాకినాడ):

డాక్టర్ గారండీ, మునిగేవాడిగా నా మాట కూడా ఇనండి. మాకు చాలాచోట్ల ఫిట్‌నెస్ అంటే బీపీ చూసి స్టాంపు కొట్టడవేనండి. చెవిలోకి లైటేసి చూసినోళ్లని ఏళ్ల మీద ఎతకాలి. ఓ చోట డబ్బులిచ్చాక గదిలోకి కూడా పిలవలేదండి, కాయితం కిటికీలోంచి ఇచ్చేశారు. పెద్ద బార్జిల మీద ఛాంబర్ ఉంటదండి, అక్కడ భయం లేదు. ఒడ్డుకొచ్చి ఇంటికెళ్లాక రాత్రి భుజం పోటెత్తితేనే గొడవ. మనోళ్లు జండూబామ్ రాసుకుని పడుకుంటారండి. పని అవగానే మధురపూడిలో ఫ్లైటెక్కేసేవాళ్లూ ఉన్నారండి.

లంక డాక్టర్:

చాలా థ్యాంక్స్ సర్. కోర్సు సంగతి అటుంచితే, అలాంటి భుజం పోటుతో రాత్రి ఎవరైనా మా పీహెచ్‌సీకి వస్తే?

రాజోలు పాత నేవీ:

ఆయ్, అదీ అసలు ప్రశ్న. మునిగొచ్చాక భుజం పోటంటే బెండ్స్ కావచ్చు. ఎప్పుడు దిగాడు, ఎంత లోతు, ఎంతసేపు, ఎప్పుడు పైకొచ్చాడు, అడిగి రాసుకో. వెల్లకిలా పడుకోబెట్టు. రిజర్వాయర్ బ్యాగున్న మాస్క్ బిగించి ఆక్సిజన్ నిమిషానికి పదిహేను లీటర్లు పెట్టు. నొప్పి తగ్గినా తీసెయ్యకు. కాళ్ల బలం, స్పర్శ చూడు, మూత్రం వస్తోందో లేదో అడుగు. వెన్నుపాముకి తగిలితే ముందు అక్కడే తెలుస్తుంది. ఛాతీ విను. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి చేరితే, దానికి వైద్యం చెయ్యకుండా ఛాంబర్‌లోకి పంపకూడదు. నొప్పికి నైట్రస్ ఆక్సైడ్ కలిసిన గ్యాస్ ఇవ్వొద్దు, బుడగ పెరుగుతుంది.

బయల్దేరే ముందే విశాఖలో ఛాంబర్ ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేసి, అది ఖాళీగా ఉందో, నడిపేవాళ్లున్నారో కనుక్కో. రోడ్డు మీదే పంపు, ఎత్తెక్కితే బుడగ పెరుగుతుంది. రెండొందల కిలోమీటర్ల పైచిలుకైనా మన కోస్తా దారిలో కొండలెక్కే పని లేదు, అదొక అదృష్టం. అక్కడ మామూలుగా టేబుల్ 6 అనే చికిత్స పట్టిక ప్రకారం నడుపుతారు. పద్దెనిమిది మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడితో మొదలు, ఆక్సిజన్, మధ్యమధ్య కాసేపు మామూలు గాలి. మొత్తం నాలుగు ముప్పావు గంటలు. ఆ గాలి విరామాలు లేకపోతే ఆక్సిజనే ఫిట్స్ తెప్పించొచ్చు.

బార్జి బాబూ, విమానం గురించి నీ స్నేహితులకి చెప్పు. ఒక్కసారి తేలిగ్గా మునిగితే కనీసం పన్నెండు గంటలు, పదేపదే మునిగితే పద్దెనిమిది, మధ్యలో ఆగుతూ పైకి రావాల్సిన మునకైతే ఒక రోజు పైనే ఆగాలి. సిలిండర్ గాలి పీలుస్తూ ఊపిరి బిగబట్టి మాత్రం ఎవరూ పైకి రాకూడదు. నాలుగడుగుల లోతు నుంచైనా సరే ఊపిరితిత్తి పగలొచ్చు.

బార్జి కుర్రోడు:

అలాగేనండి. డాక్టర్ గారండీ, సర్టిఫికెట్ తర్వాత సంగతి. చెవులు చూస్తానంటే చెప్పండి, మీ ఓపీ ఏ రోజుల్లోనో ఆ రోజే మా వాళ్లని పంపుతాను.

లంక డాక్టర్:

సోమ, గురువారాలు పొద్దున్నే రమ్మనండి. జలుబుంటే తగ్గేదాకా మునగొద్దని ఈలోపు చెప్పండి.