ఫార్మా క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) రెజ్యూమెలో మూడేళ్ల గ్యాప్ ఎలా రాయాలి?

దేవరకొండ బీఎస్సీ:
అన్నలకు, అక్కలకు నమస్తే. 2022లో బీఎస్సీ బీజెడ్‌సీ అయిపోయింది. తర్వాత గ్రూప్-4కి చదివాను, 2023 జూలై 1న పరీక్ష రాశాను, రాలేదు. నాన్న ఇంకో ఏడాది చదవమంటే గ్రూప్-3 కూడా రాశాను. ఇప్పుడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా వాకిన్‌లకు పోతున్నాను. రెండు చోట్ల "గ్యాప్ ఎక్కువుంది" అని రెజ్యూమె పక్కన పెట్టేశారు. నెట్ సెంటర్‌లో చేయించిన ఆ రెజ్యూమె ఇక్కడ పెట్టాను, చూడండి. ఎక్కడో ట్రైనీగా చేసినట్టు, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో తేల్చే మిషన్) వచ్చినట్టు రాయమంటున్నాడు మా ఫ్రెండ్. రాయొచ్చా? ఆదివారం ఇంకో వాకిన్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు క్యూసీ:
తమ్మీ, ఆ రెండూ రాయకు. నేను ఏడేళ్లుగా క్యూసీలో చేస్తున్నా. ఫ్రెషర్‌గా ఉన్నప్పుడు నేనూ హెచ్‌పీఎల్‌సీ అని రాసుకున్నా. కాలేజీలో ఆ మిషన్‌ను దూరం నుంచి చూడటమే తప్ప ముట్టింది లేదు. ఇంటర్వ్యూలో సార్ ఒకటే అడిగాడు: "మొబైల్ ఫేజ్‌ని ఎందుకు ఫిల్టర్ చేస్తారమ్మా?" నోట మాట రాలేదు. మొబైల్ ఫేజ్ అంటే ఆ మిషన్‌లోకి పంపే ద్రావకం, అది పోయే గొట్టమే కాలమ్. ఆ కాలమ్ పూడుకుపోకుండా అని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా, కానీ ఆ రోజు మహబూబ్‌నగర్ బస్సులో ఏడ్చుకుంటూ వచ్చా. మా దగ్గర చేయని టెస్టు చేసినట్టు రిజిస్టర్‌లో రాస్తే ఉద్యోగమే పోతుంది. అలాంటి చోటికి అబద్ధం రాసుకుని రావొద్దు.

గ్యాప్ దాచకు. "గ్రూప్-4, గ్రూప్-3 ప్రిపరేషన్" అని ఏ నెల నుంచి ఏ నెల దాకానో వేసి ఒక్క లైను రాయి. మన జిల్లాల్లో ఇంటికొకరు అలా చదివినవాళ్లే, చూసేవాళ్లకూ తెలుసు. ఆ మూడేళ్లలో ఇంకే పనీ చేయలేదా?

దేవరకొండ బీఎస్సీ:
మా ఊరి ఐకేపీ వడ్ల కేంద్రంలో రెండు సీజన్లు తేమ చూశాను అక్కా. అది కూడా రాస్తారా?

పాలమూరు క్యూసీ:
అయ్యో, పైన ఉండాల్సిందే అది! శాంపిల్ తీశావు, మీటర్‌లో చూశావు, రీడింగ్ రాశావు, 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమన్నావు. ల్యాబ్‌లో మా పని వరస కూడా అదే. "పదిహేడున్నరే కదా, రాసుకో బిడ్డా" అని రైతు బతిమాలితే ఏం చేశావో ఇంటర్వ్యూలో చెప్పు. రోజుకు ఎన్ని కుప్పలు చూశావో నిజమైన అంకె వేయి. దాని కింద టైట్రేషన్, పీహెచ్ మీటర్, సాల్ట్ అనాలిసిస్, నీ చేత్తో చేసినవే. "ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్" అనే ఆ కెరీర్ ఆబ్జెక్టివ్ తీసేయి, అందరి కాగితాల్లోనూ అదే ఉంటుంది. దాని చోట "క్యూసీ ట్రైనీ, మూడు షిఫ్టులకూ రెడీ, జడ్చర్లలో రూమ్ తీసుకుంటాను" అని రాయి. దేవరకొండ నుంచి రోజూ ఎట్లా వస్తాడనేదే వాళ్లకు వచ్చే మొదటి అనుమానం. ఒక్క పేజీ చాలు.

మిర్యాలగూడ:
నెట్ సెంటర్‌లో చేయించావు కాబట్టి ఒకసారి అక్షరం అక్షరం చదువు తమ్ముడూ. నాది వేరేవాళ్ల ఫైలు మీదే కొట్టిచ్చారు. పేరు మార్చారు గానీ ఫోన్ నంబర్ పాతదే ఉండిపోయింది. నాలుగు నెలలు ఫోన్ కోసం ఎదురుచూశాను.

దేవరకొండ బీఎస్సీ:
చూశాను అన్నా. నంబర్ నాదే, పుట్టిన తేదీ మాత్రం నాది కాదు! అక్కా, కేంద్రం రిజిస్టర్ మా వదిన దగ్గరే ఉంది, ఇప్పుడే తీయించాను. రోజుకు 25 నుంచి 30 కుప్పలు. అదే రాస్తున్నాను.